కాగితానికి కాగితమే తాళం: ఒక ప్రాజెక్టు డైరీ

జూన్ 29

స్కాట్లాండ్ రాణి మేరీ తన ఆఖరి ఉత్తరాన్ని ఎలా మడిచి కట్టిందో అలాగే నేనూ ఒకటి కట్టాలి. కట్టాక దాన్ని ఇంకొకరి చేతిలో పెట్టి, నాకు తెలియకుండా తెరిచి, చదివి, మళ్ళీ ఎప్పటిలా పెట్టేయమనాలి. ఈ ప్రాజెక్టు మొత్తం ఇంతే. ఏ రోజు ఏం చేశానో, ఎక్కడ చెడిందో ఇక్కడ రాసుకుంటూ పోతాను.

1587 ఫిబ్రవరి 8, అర్ధరాత్రి దాటి 2 గంటలు. ఇంగ్లండ్‌లో ఫోదరింగే కోట. మేరీ 1568లో తలదాచుకోవడానికి ఇంగ్లండ్ వచ్చింది, అప్పటినుంచి ఎలిజబెత్ రాణి ఆమెని ఏదో ఒక కోటలో బందీగా ఉంచుతూనే ఉంది. ముందురోజు రాత్రి భోజనం అయ్యాక వచ్చి చెప్పారు, పొద్దున 8 గంటలకి మరణశిక్ష అమలు అని. అప్పుడు ఆమె ఫ్రాన్స్ రాజు మూడో హెన్రీకి ఉత్తరం రాయడానికి కూర్చుంది. ఆయన ఆమె మొదటి భర్త తమ్ముడు, అంటే మరిది. తన దగ్గర పనిచేసినవాళ్ళకి రావాల్సిన జీతాలు ఇప్పించమని అడిగింది, ఆరోగ్యానికి మంచివని రెండు విలువైన రాళ్ళు పంపుతున్నానని రాసింది, చివర బుధవారం రెండు గంటలని వేసింది. ఆ కాగితం ఇప్పుడు స్కాట్లాండ్ జాతీయ గ్రంథాలయంలో ఉంది.

నన్ను పట్టుకున్నది ఆ తర్వాత జరిగిన పని. రాయడం అయ్యాక ఆ ఉత్తరం అంచు నుంచి సన్నటి పట్టీ కోసి, ఉత్తరాన్ని చిన్న పొట్లంలా మడిచి, పొరలన్నిట్లో గాట్లు పెట్టి, ఆ పట్టీని సూదీదారంలాగా వాటిలోంచి తిప్పి తిప్పి లాగి కుట్టేశారు. ఆరు గంటల్లో ప్రాణం పోతుందని తెలిసిన మనిషి గదిలో ఇంత ఓపికైన పని జరిగింది. ఎందుకంటే ఆమెకి ఆ శిక్ష తెచ్చిపెట్టినవి కూడా ఉత్తరాలే. 1586లో చార్ట్‌లీ అనే చోట బందీగా ఉన్నప్పుడు ఆమె ఉత్తరాలు బీరు పీపాల్లో దాచి రహస్యంగా వెళ్తున్నాయని ఆమె అనుకుంది, కానీ ఆ దారి మొత్తం ఎలిజబెత్ మంత్రి వాల్సింగమ్ కనుసన్నల్లోనే నడిచింది. వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ తెరిచేవాళ్ళు, థామస్ ఫెలిప్స్ అనే ఆయన సంకేత లిపి విప్పి చదివేవాడు, ఆర్థర్ గ్రెగరీ అనే ఇంకొకాయన తెరిచిన గుర్తు తెలియకుండా మళ్ళీ సీలు వేసేవాడు, ఉత్తరం వెళ్ళాల్సిన చోటికి వెళ్ళిపోయేది. ఆ ఉత్తరాలే విచారణలో సాక్ష్యం అయ్యాయి.

ఇలా కాగితాన్ని కాగితంతోనే మూసే పద్ధతులన్నిటికీ కలిపి లెటర్‌లాకింగ్ అని పేరు పెట్టినామె జేనా డాంబ్రోజియో, అమెరికాలో ఎంఐటీ గ్రంథాలయంలో పాత కాగితాలు బాగుచేసే నిపుణురాలు. 2000లో వాటికన్ దస్తావేజుల్లో పనిచేస్తున్నప్పుడు కాగితాలకి చిన్న చిన్న గాట్లు, కోసేసిన మూలలు కనిపించి, ఇవి ఎలకలు కొట్టినవో చిరిగినవో కాదు, మూయడానికి చేసినవని ఆమె గుర్తించింది. మేరీ వాడినదాన్ని స్పైరల్ లాక్ అంటారు. నేను చుట్టు తాళం అని రాస్తాను.

జూలై 2

మొదటి ప్రయత్నం ఇంట్లో ఉన్న ప్రింటర్ కాగితం మీద, 75 జీఎస్‌ఎం, అంటే చదరపు మీటరుకి 75 గ్రాములు. పట్టీ కోశాను, మడిచాను, గాటు పెట్టాను, పట్టీని లాగగానే పుటుక్కున తెగింది. ఇంకోటి. అదీ తెగింది. నాలుగోది రెండు చుట్లు తిరిగి తెగింది.

లోపం నా చేతిలో కంటే కాగితంలోనే ఎక్కువ ఉంది. మిల్లు కాగితంలో పీచు ఎక్కువభాగం యంత్రం నడిచే దిక్కులోనే పడుకుని ఉంటుంది. న్యూస్‌పేపర్‌ని ఒకవైపు చింపితే గీత గీసినట్టు తిన్నగా చిరుగుతుంది, ఇంకోవైపు చింపితే వంకర్లు పోతుంది, అదీ ఇందుకే. పట్టీని పీచుకి అడ్డంగా కోస్తే అది పట్టీలా ఉండదు, అతికించిన పొట్టులా ఉంటుంది. పైగా చెట్ల గుజ్జులో పీచు పొట్టి. మేరీ కాలంలో యూరప్ కాగితం పాత నార గుడ్డలు నానబెట్టి, దంచి, చేత్తో జల్లెడ మీద తీసింది. పొడుగాటి పీచు, అది కూడా అన్ని దిక్కుల్లోనూ అల్లుకుని ఉంటుంది, ఆపైన జెలటిన్‌లో ముంచి ఆరబెట్టేవాళ్ళు కాబట్టి గట్టిదనం వచ్చేది, సిరా కూడా పాకేది కాదు.

కాబట్టి నూలు గుడ్డల గుజ్జుతో చేసిన హ్యాండ్‌మేడ్ కాగితం తెప్పించాను, 120 జీఎస్‌ఎం, 56 సెంటీమీటర్లకి 76. ఒక్కో షీటుని నాలుగు ముక్కలు చేస్తే 38కి 28 వస్తుంది, దాన్ని పుస్తకంలా మధ్యకి మడిస్తే నాలుగు పేజీల ఉత్తరం. ఎనిమిది షీట్లు కొన్నాను, అంటే 32 ప్రయత్నాలు చేతిలో ఉన్నాయి.

జూలై 6

ఈ ఆదివారం అంతా సిరాకే పోయింది. బాల్‌పెన్‌తో రాస్తే సరిపోయేది కానీ మనసొప్పలేదు.

ఆ కాలం యూరప్ సిరాలో మూడు సరుకులు: మాచికాయ, అన్నభేది, తుమ్మబంక లాంటి జిగురు. మూడూ మన మూలికల కొట్లలో దొరికేవే అని తెలిసి చాలా సంతోషమేసింది. మాచికాయ ఇక్కడ రాజమండ్రిలో వెంటనే దొరకలేదు, దాని బదులు కరక్కాయ వాడాను. దానిలోనూ వగరు ఉంది, వగరే ఇక్కడ పనిచేసేది. అన్నభేది మూలికల కొట్టులో లేకపోతే ఎరువుల కొట్టులో ఫెర్రస్ సల్ఫేట్ అని అడగండి, ఇస్తారు. 30 గ్రాముల కరక్కాయ పెచ్చులు దంచి పావు లీటరు నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, పొద్దున సగం అయ్యేదాకా మరిగించి, గుడ్డలో వడగట్టి, చల్లారాక 15 గ్రాముల అన్నభేది వేశాను. వేస్తూ ఉండగానే టీ రంగు నీళ్ళు కాటుకలా మారిపోయాయి. తర్వాత 10 గ్రాముల తుమ్మబంక. వంట గిన్నెలు వాడకండి, ఆ గిన్నె ఇక దీనికే.

పాళీతో రాస్తే మొదట బూడిదరంగులో పడింది, మధ్యాహ్నానికి నల్లబడింది. గాలి తగిలినకొద్దీ ఇనుము మారుతుంది, అందుకు రంగు చిక్కబడుతుంది. కానీ కొత్త కాగితం మీద సిరా వెంట్రుకల్లా పాకింది. బేకరీ సామాన్ల కొట్టు నుంచి జెలటిన్ తెచ్చి, పావు లీటరు గోరువెచ్చటి నీళ్ళలో 5 గ్రాములు కరిగించి, కాగితాల్ని ఒక్కొక్కటిగా ముంచి దండెం మీద వేశాను. ఈ జూలై తేమలో ఆరడానికి రోజులు పట్టేలా ఉంది.

జూలై 9

ఏమీ చెయ్యలేదు. కాగితాలు ఇంకా మెత్తగానే ఉన్నాయి, పుస్తకాల కింద బరువు పెట్టి ఉంచాను.

జూలై 13

కాగితాలు పూర్తిగా ఆరి గలగలమన్నాయి, సిరా గీసినచోటే నిలబడింది. ఈరోజు కట్టేశాను. ఏడోది నిలిచింది. మిగతా ఆరూ ఎందుకు పోయాయో వివరంగా రాస్తాను, ఎవరైనా చేద్దామనుకుంటే ఆ ఆరింటి బదులు వేరే తప్పులు చేయొచ్చు.

కాగితం మధ్యకి మడిచి పుస్తకంలా ఉంది, 19కి 28. బయటి అంచు పొడుగునా, ఏమీ రాయకుండా వదిలిన మార్జిన్‌లో, 6 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీ కోయాలి. పై నుంచి కోస్తూ వచ్చి కింద రెండున్నర సెంటీమీటర్లు ఉందనగా ఆపేయాలి, అంటే పట్టీ ఒక కొస ఉత్తరానికే అంటుకుని ఉంటుంది. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది, దాని సంగతి తర్వాత. ఇప్పుడు ఆ పట్టీని పక్కకి తప్పించి పట్టుకుని మిగతా కాగితాన్ని సగానికి, మళ్ళీ సగానికి, ఇంకోసారి సగానికి మడవాలి. తొమ్మిదిన్నరకి ఏడు సెంటీమీటర్ల పొట్లం, 16 పొరలు. మడతల్ని దువ్వెన వీపుతో గట్టిగా రుద్దితే తప్ప అవి కూర్చోవు.

అంచు నుంచి రెండున్నర సెంటీమీటర్ల లోపలికి కత్తి మొనతో 16 పొరల్నీ తొలిచి గాటు పెట్టి, పట్టీ కొసని అందులోంచి అవతలికి లాగి, అంచు మీదుగా తిప్పి తెచ్చి, పక్కన ఇంకో గాటులో దూర్చి, మళ్ళీ తిప్పి. ఒక్కో చుట్టుకి ఐదున్నర సెంటీమీటర్ల పట్టీ పడుతుంది, నాకు నాలుగు చుట్లు వచ్చి చివర మూడు సెంటీమీటర్ల తోక మిగిలింది.

మొదటి రెండిట్లో పట్టీ కొస చదరంగా ఉండి గాటులో దూరలేదు, తోస్తే నలిగిపోయింది. కొసని ఈటె మొనలా వాలుగా కోశాక దూరింది. మూడోదానిలో గాటు మరీ వెడల్పు, పట్టీ సుఖంగా దూరింది కానీ వెనక్కి లాగితే అంతే సుఖంగా బయటికొచ్చేసింది, అది తాళం ఎలా అవుతుంది? గాటు పట్టీ వెడల్పు కంటే వెంట్రుకంత తక్కువే ఉండాలి. నాలుగోది బాగానే వచ్చింది గానీ రాసిన రెండు వరుసల్ని గాటు మింగేసింది. అప్పుడు తెలిసింది, రాయకముందే మడతలు ఎక్కడ పడతాయో చూసుకుని ఖాళీలు వదలాలి, అంటే ఉత్తరం మొదటి వాక్యం రాసేటప్పటికే తాళం గురించి ఆలోచించి ఉండాలి. ఐదోది, ఆరోది పట్టీ మొదట్లోనే, ఉత్తరానికి అంటి ఉన్న చోట చిరిగాయి. లాగే దిక్కు మార్చాను: పైకి లాగకుండా కాగితానికి ఆనించి పక్కగా లాగితే చిరగలేదు.

ఏడోదానికి ఆఖరి చుట్టు కింద తోకని దోపి, వేలితో తడి చేసి, పైన ఇస్త్రీపెట్టె బరువు పెట్టి వదిలాను. తడికి పీచు ఉబ్బి, ఆరాక చుట్టూ ఉన్న పొరల్ని పట్టేసింది. చేతిలోకి తీసుకుంటే పేకముక్కకి కొంచెం పెద్ద బిళ్ళలా, ఊహించినదానికంటే బరువుగా, గట్టిగా ఉంది. ఊపినా వంచినా ఎక్కడా వదులు లేదు. మొదటిదానికి గంటన్నర పట్టింది, దీనికి 14 నిమిషాలు.

దీన్ని రేపటి నుంచి నా హ్యాండ్‌బ్యాగులో వేసుకుని తిరుగుతాను. మేరీ చనిపోయాక ఆమె పరివారాన్ని నెలల తరబడి ఇంగ్లండ్‌లోనే ఆపేశారు, ఉత్తరం అన్నాళ్ళూ వాళ్ళ దగ్గర ఉండి ఆ తర్వాతే ఫ్రాన్స్ చేరింది. కట్టిన గంటకి గట్టిగా ఉంటే ఏం లాభం, రోజులు గడిచాక కూడా ఉండాలి.

ఇంకో సంగతి నన్ను ఈ రాత్రి వదలట్లేదు. ఇదే తాళాన్ని ఎలిజబెత్ కూడా వాడింది, మేరీ మొదటి అత్తగారు కేథరిన్ ద మెడిచి కూడా వాడింది. బందీ, బంధించినామె, ఇద్దరికీ ఒకటే మడత తెలుసు.

జూలై 16

పోటీకి పెట్టడానికి లక్క ముద్ర వేసిన ఉత్తరం కావాలి. పక్క వీధిలో మా బాబాయి ఉన్నాడు, సబ్ పోస్టాఫీసులో పోస్ట్‌మాస్టర్‌గా చేసి రిటైరయ్యాడు. స్టేషనరీ కొట్టులో సీలు లక్క కడ్డీ కొనుక్కుని వెళ్ళాను.

నేను కడ్డీని సరాసరి కొవ్వొత్తి మంటలో పెట్టాను. బాబాయి చెయ్యి పట్టుకుని ఆపాడు. "మంటలో పెట్టకూడదమ్మా, మంటకి పైన తిప్పుతూ ఉండాలి. మసి పట్టిందంటే సీలు నల్లబడుతుంది, అక్షరం కనబడదు." ముద్రని తడిగుడ్డకి అద్ది నొక్కితే లక్క అంటుకోకుండా ఊడి వస్తుందని చూపించాడు. నొక్కి వెంటనే తీయకూడదు, పదంకెలు లెక్కపెట్టి తీయాలి. ఆయన వేసిన ముద్ర నాణెంలా వచ్చింది, నాది ఒకపక్క కారిపోయింది, మూడోసారికి కుదిరింది.

ఈ లక్క మన దేశం సరుకు. మోదుగ, రేగు చెట్ల కొమ్మల మీద పురుగులు పెట్టే జిగురు. యూరప్‌లో మధ్యయుగాల్లో తేనెమైనంలో చెట్టు బంక కలిపి ముద్రలు వేసేవాళ్ళు, ఎండకి మెత్తబడేవి. 16వ శతాబ్దంలో సముద్రం మీద మన వైపు నుంచి లక్క వెళ్ళడం పెరిగాక గట్టిగా, పెళుసుగా ఉండే సీళ్ళు వచ్చాయి. ఎరుపు రంగు ఇంగిలీకంతో వచ్చేది. పెళుసుదనమే దాని గుణం, వంచితే పగలాలి.

మెయిల్ బ్యాగుల గురించి అడిగాను. మూతి పురికొసతో కట్టి, లేబులు గుచ్చి, ముడి మీద లక్క పోసి ముద్ర వేసేవాళ్ళట. సీలు పగిలిన బ్యాగు వస్తే సాక్షిని పెట్టుకుని, రాసుకుని, అప్పుడు తెరిచేవాళ్ళట. "సీలు దొంగని ఆపుతుందా ఏమిటమ్మా, పురికొస ఎంతసేపు కోయడం? ఎవరి దగ్గర ఉండగా చెయ్యి పడిందో సీలు చెబుతుంది, అంతే," అన్నాడు. నేను రెండు వారాలుగా దేనికోసం కాగితాలు కోస్తున్నానో ఆ మాటతో నాకే సరిగ్గా అర్థమైంది. మేరీ తాళం కూడా తెరవడానికి కష్టమేమీ కాదు, ఒక కత్తెర చాలు. తెరిచినవాడు ఆ సంగతి దాచలేడు, అదీ దాని బలం.

జూలై 20

మామూలు జనం ఉత్తరాలు ఈరోజు. రాణులు కానివాళ్ళకి ఇంత పని ఎక్కడ కుదురుతుంది? కాగితాన్ని మూడు మడతలు వేసి, ఒక కొసని ఇంకో కొసలోకి దోపి, అక్కడ ఒక చుక్క లక్క లేదా వేఫర్ పెట్టి మూసేవాళ్ళు, పైన చిరునామా. కవరు వాడకపోవడానికి కారణం డబ్బు. ఇంగ్లండ్‌లో 1840కి ముందు తపాలా ఖర్చు దూరాన్ని బట్టి, ఎన్ని కాగితాలన్నదాన్ని బట్టి ఉండేది. ఉత్తరాన్ని ఇంకో కాగితంలో చుడితే రెండు కాగితాల లెక్క. 1840లో బరువు లెక్కన ఒకే రేటు వచ్చాకే కవరు అందరి చేతికీ వచ్చింది, మన దేశంలో ఆ పద్ధతి 1854లో మొదలైంది.

వేఫర్ అంటే పిండి, నీళ్ళు కలిపి పలుచగా కాల్చిన చిన్న బిళ్ళ. తడిచేసి రెండు కాగితాల మధ్య పెట్టి నొక్కితే అంటుకుంటుంది. మైదాతో పెనం మీద చేద్దామని చూస్తే అట్టులా వచ్చింది, ఆ పలుచదనం రాలేదు. అప్పుడు పూతరేకులు గుర్తొచ్చాయి. ఆత్రేయపురం మాకు దగ్గరే, చక్కెర పెట్టని వట్టి రేకులు దొరుకుతాయి. బియ్యప్పిండి పొర, తడి తగిలితే కరిగిపోతుంది, వేఫర్ చేసే పనికి ఇంతకంటే ఏం కావాలి. ఒక్క పొర సరిపోలేదు, ఐదు పొరలు కలిపి రూపాయి బిళ్ళంత కత్తిరించి, తడిచేసి, మడతలో పెట్టి రాత్రంతా బరువు పెట్టాను. పొద్దున లాగి చూస్తే కాగితం చిరిగింది గానీ అతుకు వదల్లేదు.

ఇలా దోపుడు మడత వేస్తుంటే చేతికి అది బాగా తెలిసిన పనిలా అనిపించింది. ఇన్‌లాండ్ లెటర్! నీలం కాగితం, మూడు మడతలు, జిగురు అంచులు, వేరే కవరు ఉండదు, ఉత్తరమే కవరు. మా అమ్మ ఇన్‌లాండ్లు రాసేటప్పుడు చోటు చాలక జిగురు మడత మీద కూడా రాసేది, అమ్మమ్మ వాళ్ళు తొందరపడి చింపితే ఆ చివరి వాక్యం రెండు ముక్కలయ్యేది. ఏ వైపు నుంచి ఎలా తెరవాలో ఇంట్లో పెద్దవాళ్ళకి ఒక పద్ధతి ఉండేది. మనం కూడా నిన్నమొన్నటిదాకా కాగితంతోనే కాగితాన్ని మూసినవాళ్ళం.

జూలై 27

అక్క కొడుకు కాకినాడ నుంచి వచ్చాడు, తొమ్మిదో తరగతి. వాడికి నాలుగు ఉత్తరాలు ఇచ్చాను: జిగురు కవరు, లక్క ముద్ర వేసినది, పూతరేకు వేఫర్‌ది, రెండు వారాలుగా నా బ్యాగులో తిరిగిన చుట్టు తాళం. ఒక్కోదానిలో ఒక మాట రాసి ఉంది. నాలుగు మాటలూ చెప్పాలి, ఉత్తరాలు నాకు తెరవనట్టే తిరిగి ఇవ్వాలి. ముందే అన్నిటికీ రెండువైపులా ఫోటోలు తీసి పెట్టుకున్నాను. సాయంత్రందాకా సమయం, వంటింట్లో ఏదైనా వాడుకోవచ్చు.

జిగురు కవరు ఇడ్లీ కుక్కర్ ఆవిరి మీద నాలుగు నిమిషాల్లో తెరిచాడు. మళ్ళీ అంటించి, పుస్తకం కింద పెట్టి ఇచ్చాడు. అంచు కొద్దిగా అలలా ఉంది, ఫోటోతో పోల్చకపోతే నాకు తెలిసేది కాదు.

లక్క ముద్ర నన్ను భయపెట్టింది. పలుచటి చాకుని వేడిచేసి ముద్ర కింద కాగితానికి ఆనించి నెమ్మదిగా తోశాడు, మూడుసార్లు వేడిచేస్తూ. ముద్ర పగలకుండా బిళ్ళలా లేచి వచ్చింది. చదివాక దాని అడుగుని కాస్త కరిగించి అదే చోట పెట్టేశాడు. పైన మా బాబాయి వేసిన అక్షరం చెక్కుచెదరలేదు! ఎవరూ నేర్పకుండా 14 ఏళ్ళ పిల్లాడు ఒక్క మధ్యాహ్నంలో చేస్తే, అదే జీవనోపాధిగా ఉన్న ఆర్థర్ గ్రెగరీ ఏం చేసి ఉంటాడు. ముద్ర ఒక్కదాన్నే నమ్ముకున్న ఉత్తరాలన్నీ ఎంత సులువుగా పరాయి చేతుల్లో తెరుచుకున్నాయో అనుకుంటే మనసు కలుక్కుమంది.

వేఫర్ దగ్గర కష్టపడ్డాడు. నీళ్ళు పెడితే వేఫర్ కరిగింది గానీ కాగితం మీద మరక తేలింది, సిరా కూడా కొంచెం కారింది. తెరిచినట్టు చూడగానే తెలిసిపోతుంది.

చుట్టు తాళాన్ని వాడు చాలాసేపు చేతిలో తిప్పాడు. ముందు తోకని తడిపి లాగబోయాడు, తడికి అది మెత్తబడి కొస ఊడి వచ్చింది. ఆవిరి పెడితే పొరలు ఉబ్బి ఇంకా బిగిశాయి. డబ్బనంతో ఒక చుట్టుని వెనక్కి తీయబోతే గాటు అంచు చిరిగింది. చివరికి, "పిన్నీ, కత్తెర వాడితే ఓడిపోయినట్టేనా?" అని అడిగాడు. తిరిగి కట్టగలిగితే ఓడినట్టు కాదన్నాను. నాలుగు చుట్లూ కోసి, తెరిచి, చదివాడు. తర్వాత నా కాగితాల్లోంచే ఒక ముక్క తీసుకుని, అంతే వెడల్పు పట్టీ కోసి, పాత మొదలుకి మైదా జిగురుతో అతికించి, పాత గాట్లలోంచే తిప్పి కట్టాడు! దూరం నుంచి చూస్తే అచ్చం అలాగే ఉంది. నాకు నిజంగా టెన్షన్ వచ్చింది, వీడు గెలిచాడేమో అని.

దగ్గరికి తెచ్చి లైటు ఎదురుగా పట్టాను. పట్టీ మొదట్లో అతుకు దగ్గర చీకటి గీత, అక్కడ కాగితం రెండు పొరలు. అతుకు లేకుండా కొత్త పట్టీ పెట్టడానికి వీల్లేదు, ఎందుకంటే పట్టీ పుట్టింది ఆ ఉత్తరంలోంచే, దాని కొస ఇంకా ఆ ఉత్తరానికే అంటి ఉంది. పట్టీని పూర్తిగా కోసి విడిగా తీసి కట్టి ఉంటే వాడు ఇవాళ గెలిచేవాడు. పైగా బ్యాగులో రెండు వారాలు తిరిగిన ఉత్తరం అంచులు మాసి ఉన్నాయి, కొత్త పట్టీ తెల్లగా ఉంది. వాడికి నా ఖజానా తెరిచి పెట్టాను కాబట్టి అదే కాగితం దొరికింది, దారిలో ఉత్తరం పట్టుకున్నవాడికి ఫోదరింగే కోటలోని కాగితం ఎక్కడ దొరుకుతుంది?

జూలై 28

పొద్దున బస్సెక్కే ముందు వాడు అడిగాడు: "కోయకుండా ఎక్స్‌రే తీసి చదివితే?" వాడి బుర్రకి నాకు చాలా ముచ్చటేసింది. అది నిజంగానే చేశారు.

హాలండ్‌లో ద హేగ్ నగరంలో సిమోన్ ద బ్రియెన్, ఆయన భార్య మేరీ జెర్మేన్ పోస్టు వ్యవహారం చూసేవాళ్ళు. ఆ రోజుల్లో డబ్బు ఇచ్చి ఉత్తరం తీసుకోవాల్సింది అందుకునేవాళ్ళే. ఊరు వదిలిపోయినవాళ్ళు, చనిపోయినవాళ్ళు, వద్దన్నవాళ్ళు, వాళ్ళ ఉత్తరాలన్నీ వీళ్ళు పారేయకుండా ఒక పెట్టెలో దాచారు, ఎప్పటికైనా ఎవరైనా వచ్చి డబ్బిచ్చి తీసుకుంటారని. ఆ పెట్టె 1926లో అక్కడి మ్యూజియానికి చేరింది. లెక్కకి తేలినవి 3,148, అందులో 577 ఎప్పుడూ తెరవనివి. మడతలు ఎలా ఉన్నాయో చూడాలంటే వాటిని తెరవకూడదు, లోపల ఏముందో చూడాలంటే తెరవాలి. 2021 మార్చిలో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో వచ్చిన పరిశోధనలో, లండన్‌లో దంతాల పరిశోధనకి తయారుచేసిన ఎక్స్‌రే స్కానర్‌లో ఉత్తరాన్ని పెట్టి, ఆ త్రీడీ బొమ్మలో పొరల్ని కంప్యూటర్‌తో ఒక్కొక్కటిగా విప్పి చదివారు. ఆ ఉత్తరం 1697 జూలై 31న జాక్ సెనాక్ అనే ఆయన ద హేగ్‌లోని వ్యాపారి, తన కజిన్ పియెర్ ల పెర్‌కి రాసినది. డానియెల్ ల పెర్ అనే బంధువు మరణానికి సంబంధించిన కాగితానికి ధ్రువీకరించిన నకలు కావాలని అడుగుతున్నాడు. మూడు వందల ఏళ్ళు మూసే ఉన్న ఉత్తరంలో ఉన్నది, మనం మునిసిపాలిటీ చుట్టూ తిరిగే డెత్ సర్టిఫికెట్ లాంటి పని.

ఇదంతా కుదరడానికి కారణం సిరాలో ఇనుము. ఎక్స్‌రేకి కాగితం ఒకలా, ఇనుము ఉన్న గీత ఇంకోలా కనిపిస్తుంది. నేను బాల్‌పెన్‌తో రాయకపోవడం మంచిదే అయింది, నా కరక్కాయ, అన్నభేది సిరాలో కూడా ఇనుము ఉంది కాబట్టి నా ఉత్తరాన్ని కూడా అలా చదవొచ్చు.

ఆగస్టు 4

నిన్న రాత్రి ఇంకోటి కట్టాను, ఈసారి ఐదు చుట్లు, పట్టీ 5 మిల్లీమీటర్లు. 11 నిమిషాలు. కరెంటు తీసేసి, రెండు కొవ్వొత్తుల వెలుగులో కట్టాను. గాటు ఎక్కడుందో కంటికి కనబడలేదు, వేలితో తడిమి వెతుక్కోవాల్సి వచ్చింది, అయినా చెయ్యి దారి మర్చిపోలేదు. లోపల అక్కకి నిజం ఉత్తరమే రాశాను, ఫోన్‌లో చెప్పలేనివి. పైన చిరునామా రాసి, దారిలో మిషన్లలో పడి నలగకుండా మామూలు కవరులో పెట్టి, ఈ పొద్దున స్పీడ్ పోస్టులో ఇచ్చాను.

వాడు కోసిన నాలుగు చుట్ల ముక్కల్ని పారేయలేదు. ఎనిమిది ముక్కలు, తెల్లకాగితం మీద వరుసగా అతికించి తేదీ వేశాను. మిగిలిన కాగితాలు 17. వచ్చే నెల పట్టుదారం చుట్టి లక్కతో మూసే చిన్న మడతల ఉత్తరం మొదలుపెడతాను, దానికి ముందు దారం ఎంత సన్నంది కావాలో చూడాలి.